చంద్రుడు చేరేదాకా మాటల్లేవు

రాకెట్ చూసి వచ్చాను. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను రాకెట్‌ను చూసింది అరనిమిషం. దానికోసం రానూపోనూ మూడు రోజులు పట్టింది, ఒక జత చెప్పులు పోయాయి, మా బావ మూడు వారాల పైన నాతో మాట మానేశాడు. ఇవి తెలిసి కూడా వెళ్దామనుకునేవాళ్లు గొడుగు తీసుకెళ్లండి.

నాచారం

నేను నాచారంలో ఒక చిన్న వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టర్‌ని. పోలీసు ఇన్‌స్పెక్టర్‌ని కాదు. ఈ మాట నా పెళ్లిచూపుల్లో కూడా చెప్పాల్సి వచ్చింది, చెప్పాక కాఫీ కొంచెం చల్లగా వచ్చింది. లేత్ మీద తయారైన ముక్కను మైక్రోమీటర్‌తో కొలిచి, డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంటే పాస్ అని, లేకపోతే రిజెక్ట్ అని రాసి సంతకం పెట్టడం నా పని. ఈ పని వల్ల నాకు స్నేహితులు తక్కువ.

మా అక్క భర్త యాదగిరి అదే షాపులో టర్నర్, అంటే లేత్ మీద ముక్కలు తీసే మనిషి. ఊరు భువనగిరి పక్కన, కాపురం చిల్కానగర్‌లో. నాకంటే ఆరేళ్లు పెద్ద. లేత్ ముందు నిలబడితే చెవితోనే సైజు చెప్పగలడు. ఆయన చేసిన ముక్కల మీద ఇరవై ఏళ్లుగా సంతకాలు పెడుతున్నాను. పండక్కి వాళ్లింట్లో భోజనం చేసి, మర్నాడు పొద్దున ఆయన పీసును రిజెక్ట్ చేసిన రోజులు కూడా ఉన్నాయి. అక్క అడ్డుపడేది కాదు. "మీది మీరు సూస్కోండ్రి, నన్ను నడుమ గుంజకుండ్రి" అనేది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఏ ఆర్డరుకైనా మొదటి పీసు దేవుడిది. దానికి కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటం కింద అరలో ఉంచుతాం. మిగతావి వాడకంలోకి వెళ్లి పనిచేసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. నీళ్ల పంపు పీసుకైనా ఇంతే, మందుల ఫ్యాక్టరీ మిషను పీసుకైనా ఇంతే. షాపు ఓనరు మా సార్ చదువుకున్నవాడు, అయినా ఆయన కూడా ముట్టుకోడు.

కిందటేడు మాకు రింగుల ఆర్డరు వచ్చింది. అరచేతిలో పట్టే రింగులు. పది కావాలి. లోహం ఆర్డరిచ్చినవాళ్లే కొలిచి పంపారు, పదకొండు ముక్కలకు. ఒకటి ట్రయల్‌కి. రాకెట్‌కు అని చెప్పారు, ఏ రాకెట్‌కో చెప్పలేదు. యాదగిరి బావ వారం రోజులు ఎవరితోనూ ముచ్చట పెట్టకుండా పదకొండూ చేశాడు. మొదటిదానికి బొట్టు పెట్టి అరలో ఉంచాడు. చివరిది దించిన సాయంత్రమే జ్వరంతో పడిపోయాడు.

మర్నాడు మిగిలిన పదీ కొలిచాను. ఏడోది లోపలి సైజు ఎక్కువ వచ్చింది. ఎంత అంటే ఒక వెంట్రుక మందం. నాలుగుసార్లు కొలిచాను, కళ్లద్దాలు తుడుచుకుని ఐదోసారి కొలిచాను. బయట రింగులు తీసుకెళ్లే బండి హారన్ కొడుతోంది. లోహం ఇంకో ముక్క లేదు. అప్పుడు నేను స్టూలు వేసుకుని ఎక్కి, దేవుడి పీసు దించాను. బొట్టు స్పిరిట్‌తో తుడిచి కొలిచాను. అక్షరం పొల్లు పోకుండా ఉంది. దాన్ని పెట్టెలో పెట్టి, ఏడోదానికి బొట్టు పెట్టి అరలో ఉంచి, పది పాస్ అని సంతకం చేశాను.

కాగితం మీద నా తప్పు లేదు. ట్రయల్ పీసు బాగుంటే వాడుకోవచ్చని వాళ్లే రాశారు. కానీ జ్వరం తగ్గి వచ్చిన బావ "అన్ని పాసైనయా?" అని అడిగితే "ఐనయ్" అన్నాను. నా తప్పు అది. ఆ రోజు నుంచి ఆయన నాచారంలో కనబడినవాడికల్లా పదకొండుకు పదకొండు పాస్ అని చెప్పుకున్నాడు, రోజూ పొద్దున అరలోని రింగుకు దండం పెట్టుకున్నాడు. ఆ దండం వేళకు నేను మైక్రోమీటర్ తుడుచుకునే పని పెట్టుకునేవాణ్ణి.

ఈ దసరా అయ్యాక సార్ మిఠాయి డబ్బాతో వచ్చి, మన రింగులు చంద్రుడి దగ్గరికి పోయే రాకెట్‌లోనే ఉన్నాయని చెప్పాడు. బావ డబ్బా మొత్తం తనే పంచి, చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"పా బామ్మర్ది, పోయి సూసొద్దాం. మన ఇంటి పిల్ల అత్తగారింటికి వోతుంటె సాగనంపొద్దా?"

"పడిపోతే?" అన్నాను. రెండేళ్ల కింద ఒక రాకెట్ లేచి సముద్రంలో పడిన సంగతి అందరికీ తెలుసు.

"ఎట్ల వడతది? మొదటి పీసు దేవుని కాడ ఉన్నది. నువ్వేం ఫికర్ జేయకు."

నాకు ఉన్న ఫికరే అది.

గూడూరు

ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు చేరడం ఈ ప్రయాణం మొత్తంలో కష్టమైన భాగం. దాని గురించి రాయను. రైలెక్కి, బావ చపాతీలు తిని, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున బండి మారడానికి గూడూరులో దిగేసరికి చెప్పులు లేవు. ఇంకెవరికీ ఏదీ పోలేదు. రాకెట్‌కు పని చేసిన మనిషి చెప్పులు కాబట్టి ఎవరో గౌరవంతో తీసుకెళ్లి ఉంటారని సర్దిచెప్పాను. ఆయన నవ్వలేదు.

స్టేషన్ బయట ఒకామె పెనం మీద పులిబొంగరాలు వేస్తోంది. మన గుంతపొంగనాలే, కొంచెం పులుపెక్కువ. రూపాయికి ఒకటి. మా నాచారంలో అదే రూపాయికి ఫోన్ చేసుకోవచ్చు గానీ తినడానికి ఏమీ రాదు. పక్కన కారం ఎర్రగా ఉంది. బావ కారానికి భయపడే మనిషి కాదు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన నీళ్లు అడగడం చూశాను.

"యాడికి నాయనా పొయ్యేది? రాకెట్టుకా?" అని అడిగిందామె.

బావ తడిసిన కళ్లతోనే "దాన్ల రింగు నేనే జేసిన" అన్నాడు.

"ఓ, అట్నా! నా తమ్ముడు దానికి సిమెంటు మోసినాడులే" అంది ఆమె, ఇంకో నాలుగు వేస్తూ. ఈ ప్రాంతంలో రాకెట్‌తో సంబంధం లేని మనిషి దొరకడం కష్టమని తర్వాత అర్థమైంది.

సూళ్లూరుపేట

సూళ్లూరుపేటలో దిగేసరికి వాన. పెద్ద వాన కాదు, ఆగే వాన కూడా కాదు. ఊళ్లో సగం బోర్డులు తెలుగు, సగం తమిళం. చాయ్ అడిగితే "టీనా, కాఫీనా?" అని తిరిగి అడుగుతారు. కాఫీ ఇత్తడి గ్లాసులో, దాని కింద ఒక ఇత్తడి గిన్నెతో వస్తుంది. దాన్ని పైనుంచి కిందికి ఎత్తి పోసుకోవాలి. నేను పోసుకున్నదాంట్లో కొంత చొక్కా తాగింది.

భోజనం హోటల్లో చేపల పులుసుతో మీల్స్ ముప్పయ్యయిదు అని గోడ మీద సుద్దతో రాసి ఉంది. మేం కూర్చున్నాక ఒకాయన వచ్చి ముప్పయ్యయిదు తుడిచి యాభై రాశాడు. ఏంటని అడిగితే "రేపు రాకెట్టు గదయ్యా" అన్నాడు. మా ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ ఉన్న రోజు నీళ్ల సీసాకూ ఇదే జరుగుతుంది కాబట్టి మాట్లాడకుండా తిన్నాం. పులుసు మాత్రం యాభైకి తగ్గట్టే ఉంది. బావ అలవాటుకొద్దీ పచ్చిపులుసు అడిగాడు. వడ్డించే మనిషి ఆయన్ను కాసేపు చూసి "ఉడకబెట్టకుండా ఎట్టా తాగతారు సామీ?" అన్నాడు, జాలిగా.

లాడ్జీలన్నీ నిండిపోయాయి. మమ్మల్ని చేరదీసింది రమణయ్య. అరవై దాటిన మనిషి. ముప్పయ్యేళ్లు రాకెట్ కేంద్రం క్యాంటీన్‌లో ఇడ్లీలు వేసి రిటైరయ్యాడు. వరండాలో పడుకోవడానికి మనిషికి యాభై అన్నాడు, రింగు సంగతి విన్నాక నలభై చేశాడు.

సాయంత్రం వరండాలో కూర్చుని ఆయన మాకు రాకెట్ నేర్పాడు. సైంటిస్టులు టిఫిన్ తింటూ మాట్లాడుకున్నదే తన చదువని ముందే చెప్పాడు.

"చందమామ ఎంత దూరమనుకున్నావు? మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లకు పైమాటే" అన్నాడు.

నేను మనసులో లెక్క వేశాను. ఉప్పల్ నుంచి వరంగల్‌కు మేడిపల్లి మీదుగా మూడు వేల ట్రిప్పులు, కొంచెం తక్కువ. బస్సు దొరికితే.

"సక్కగ పోతదా మరి?" అని బావ అడిగాడు.

"సక్కంగా యాడ పోద్ది అబ్బయ్యా! అంత నూనె యాడిది? ముందు భూమి చుట్టూనే తిరగద్ది. కోడిగుడ్డు మాదిరి సాగిన చుట్టు. భూమికి దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక్క తోపు తోస్తారు. ఆ తోపుకి అవతల కొస ఇంకా దూరం పోద్ది. మళ్లా వస్తది, మళ్లా తోపు. ఉయ్యాల్లో బిడ్డని ఊపినట్టు. అట్టా పెంచుకుంటా పోతే, ఒక దినం అవతల కొస చందమామ కాడికి తగలద్ది. రెండు వారాల పైనే పడతది."

"అక్కడికి పోయినంక?"

"పొయినాక బ్రేకేయాల. ఎయ్యకపోతే దాటిపోతది. ఆడ గాలుండదు, రోడ్డుండదు, బ్రేకెట్టా ఎయ్యాల? ఇంజను ముందరికి తిప్పి కాల్చాల. కాలిస్తే ఏగం తగ్గి, చందమామ పట్టుకుంటది. గొడుగు కట్టుకుని దిగుదామన్నా గాలి లేదు గదా, అందుకని దిగేదానికి గూడా అదే పద్ధతి. ఈ తడవ దిగేది లేదులే. ఒక పెట్టె మాత్రం ఇసిరేస్తారంట, మన జెండా బొమ్మేసి."

బావ వేలితో గాలిలో ఆ కోడిగుడ్డు చుట్టు ఒకసారి గీసి చూసుకున్నాడు. తర్వాత "మస్తు తిప్పల ఉన్నది" అన్నాడు. ముప్పయ్యేళ్లలో ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదని రమణయ్య మెచ్చుకున్నాడు.

అమ్మవారి గుడి

రమణయ్యే మమ్మల్ని ఊరి అమ్మవారి గుడికి తీసుకెళ్లాడు. ఆ గుడికి రాత్రీ పగలూ తలుపులు మూయరు. మా అక్కావాళ్ల చిల్కానగర్‌లో పన్నెండు దాటితే దేవుడికి తాళం వేసి పూజారి భోజనానికి వెళ్తాడు. రాకెట్ ఎగిరే ముందు పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా ఇక్కడికొచ్చి దండం పెట్టుకుంటారని రమణయ్య చెప్పాడు. వాళ్లకూ ఒక అర ఉందన్నమాట అనుకున్నాను.

పూజారి గోత్రం అడిగాడు. బావ గోత్రంతో పాటు రింగుల చరిత్ర మొత్తం చెప్పాడు. పదకొండు చేశాననీ, పదకొండూ పాసనీ, మొదటిది నాచారంలో దేవుడి దగ్గర భద్రంగా ఉందనీ. పూజారి ముచ్చటపడి, "సంతకం పెట్టింది ఎవరు?" అన్నాడు.

"ఈడే. నా బామ్మర్ది. వీనికి కన్నతల్లి ఎదురొచ్చినా వెంట్రుకంత ఎక్కువుంటె రిజెక్ట్ జేస్తడు" అని బావ నా భుజం మీద చెయ్యేశాడు.

హారతి కళ్లకద్దుకున్నాను. వేడిగా ఉంది. ఆ గుళ్లో నిలబడినంతసేపూ నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. కొలతల మనిషిని, ఇలాంటివి నమ్మనని షాపులో అందరికీ చెప్పుకునేవాణ్ణి. నమ్మకపోతే స్టూలు ఎక్కే ముందు చెప్పులెందుకు విప్పానో నాకు తెలియదు. ఒకవేళ ఈ రాకెట్ పడితే, అది ఎవరి వల్ల పడినా, బావ దేవుడి పీసు ఏమైందో చూసుకుంటాడు. తన చేతి ముక్కను తను గుర్తుపట్టడానికి ఆయనకు మైక్రోమీటర్ అక్కర్లేదు.

కట్ట మీద

తెల్లారుతుండగా సరస్సు దగ్గరికి చేరాం. పులికాట్ సరస్సు మధ్య నుంచి రోడ్డు దీవిలోకి వెళ్తుంది, ఆ దీవి చివర సముద్రం ఒడ్డున రాకెట్. మధ్యలో పోలీసులు. బావ గార్డు దగ్గరికి వెళ్లి, రింగు చేసింది తనేననీ, కొంచెం లోపలికి పంపమనీ అడిగాడు. గార్డు చాలా మర్యాదగా, పొద్దున్నుంచి ఇలా అడిగినవాళ్లలో ఆయన ఏడోవాడని చెప్పాడు. ముందొచ్చిన వాళ్లలో ఒకాయన మొత్తం రాకెట్ తనే చేశానన్నాడట.

కట్ట మీద నాలుగైదు వందలమంది ఉన్నారు. గొడుగులు, ప్లాస్టిక్ సంచులు నెత్తిన పెట్టుకున్నవాళ్లు, ఉడికించిన శనక్కాయలమ్మేవాళ్లు. ఎవరి దగ్గరో రేడియో ఉంది. రమణయ్య శనక్కాయల కోసం వెళ్లాడు. బావ కొబ్బరికాయ తీసి, రాయి వెతుక్కుని, "పదకొండుకు పదకొండు పాసైనయి తల్లీ..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. పైకి పోయాక చెబితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుంది. పడిపోయాక చెబుదామన్నా నోరే పెగలదు. చెప్పడానికి ఇదొక్కటే సమయం, అదీ ఇంకో పది నిమిషాలే.

"బావా, కాయ కొట్టకు. ఒక మాట జెప్పాలె."

"కొట్టినంక జెప్పు."

"పదకొండు పాస్ కాలేదు. పదే ఐనయి. ఏడోది రిజెక్ట్. నువ్వు జ్వరంతోని పన్నప్పుడు దేవుని పీసు తీసి పెట్టెల పెట్టి పంపిన. రాకెట్ల ఉన్నది అదే."

కొబ్బరికాయ ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"మరి అరల ఉన్నదేంది?"

"నీ ఏడోది. బొట్టు నేనే పెట్టిన."

"ఎంత ఎక్కువుండె?"

"వెంట్రుకంత."

ఆయన కాయ కిందపెట్టాడు. ముఖం చూడలేక నేను సరస్సు వైపు చూశాను. కొంగలు నిలబడి ఉన్నాయి.

"ఏడాది సంది నేను రిజెక్ట్ పీసుకు దండం వెడుతున్ననా?"

"అవు బావా."

"ఊరంత జెప్పుకుంటుంటె ఇనుకుంట ఊకున్నవ్."

"ఊకున్న. తప్పైంది."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఆయన లేత్ ఆపేటప్పుడు కూడా అలాగే ఉంటాడు, మెల్లగా. "అది చంద్రుని కాడికి చేరాలె. చేరేదాక నాతోని మాట్లాడకు. చేరకపోతె ఎన్నడు మాట్లాడకు" అన్నాడు.

రేడియోలో అంకెలు తగ్గుతున్నాయి. జనం లేచి నిలబడ్డారు. దూరంగా చెట్ల వెనక ఒక్కసారి వెలుగు పుట్టింది. వెల్డింగ్ వెలుగు నాకు అలవాటే, ఇది దానికంటే పసుపు, కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. చప్పుడే లేదు. టీవీలో చూసినప్పుడు మోత వస్తుంది కదా, ఇక్కడ అంత మంటా నిశ్శబ్దంగా లేచింది. లేచింది, లేచింది, మబ్బులోకి వెళ్లిపోయింది. మబ్బు లోపలి నుంచి కాసేపు ఎర్రగా వెలిగి ఆరిపోయింది. అంతే.

ఇంతేనా అని ఒక పెద్దమనిషి పైకే అన్నాడు. అప్పుడు మోత వచ్చింది. రాకెట్ కనబడకుండా పోయాక, దాని చప్పుడు నీళ్ల మీదుగా నడుచుకుంటూ వచ్చి మా గుండెల మీద గుద్దింది. కొంగలన్నీ లేచాయి. శనక్కాయల బుట్ట అదిరింది. జనం కేకలు, చప్పట్లు. బావ రెండు చేతులూ జోడించి మబ్బుకు దండం పెడుతున్నాడు, చెంపల మీద వానో ఏడుపో కారుతోంది. నేను ఆనందం పట్టలేక "బావా!" అని భుజం పట్టుకున్నాను. ఆయన నా వైపు తిరిగి నోరు తెరిచాడు. తర్వాత గుర్తొచ్చి మూసుకున్నాడు. చెప్పుల్లేని కాళ్లతో బురదలో ముందుకు నడిచి వెళ్లిపోయాడు.

రమణయ్య శనక్కాయలతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "బాగా పొయింది. ఈపాటికి కింది భాగం సముద్రంలో పడిపోయుంటాది" అన్నాడు.

"పడిపోవడమేంటి?"

"పడకపోతే ఎట్టా? మీరు ఈడికి ఒక్క బండిలోనే వచ్చినారా? బస్సు దిగి రైలెక్కల్యా? ఇదీ అంతే. కాలిపోయిన భాగాన్ని మోసుకుపోతే బరువు, అందుకని ఇడిచేస్తది. మొదటిది రెండు నిముషాల్లోపే. ఆఖరికి చందమామ కాడికి పొయ్యేది బీరువా అంత పెట్టె, అంతే. మీ రింగు ఏ భాగంలో?"

డ్రాయింగ్ మీద మొదటి దశ అని రాసి ఉండేది. మొదట వెలిగేది అనుకున్నాను. మొదట ఊడిపోయేది అని వాళ్లు రాయలేదు.

"మొదటిది" అన్నాను.

"అయితే సముద్రమే" అని రమణయ్య నా చేతిలో శనక్కాయలు పోశాడు.

బావ కోసం చూశాను. కట్ట చివర నిలబడి, మబ్బు చెదిరితే కనబడుతుందేమోనని ఇంకా పైకే చూస్తున్నాడు. దేవుడి పీసు చంద్రుడి దారిలో ఉందని అనుకుంటున్నాడు. చెబుదామంటే మాటల్లేవు.

తిరుగు ప్రయాణం

మాట్లాడని మనిషితో రైల్లో పద్నాలుగు గంటలు కూర్చోవడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఎదురుగా కూర్చున్న నెల్లూరాయన మా ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి, మధ్యవర్తిగా ఉండి, నా ఇడ్లీ పొట్లం ఆయనకు, ఆయన నీళ్ల సీసా నాకు అందించాడు. మేం ఏమవుతామని అడిగాడు. బావ "వీని అక్క నా పెండ్లాం" అన్నాడు. అది కిటికీతో చెప్పాడు.

మళ్లీ నాచారం

షాపులోనూ అంతే. ఆయన ముక్క చేసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లేవాడు. నేను కొలిచి చీటీ రాసేవాణ్ణి. అరలోని రింగును ఆయన తియ్యలేదు, దండమూ పెట్టలేదు, అటు చూడకుండా లేత్ దగ్గరికి వెళ్లేవాడు. పక్క మిషను వాళ్లకు సంగతి తెలియదు, నేను చెప్పలేదు. దీపావళికి అక్క పిలిస్తే వెళ్లాను. ఒకే గదిలో కూర్చుని ఇద్దరం టపాకాయలు చూశాం.

పేపర్లో ఒక మూల రోజు విడిచి రోజు వార్త వచ్చేది. చుట్టు పెరిగిందని, ఇంకా పెరిగిందని. అక్క నాకు ఫోన్లో చదివి వినిపించేది. ప్రతి తోపుకీ నా ప్రాణం లేచి వచ్చినట్టయ్యేది. నాకు చంద్రుడితో పనిలేదు, మా బావతో పని. ఆయన లేకుండా నాచారంలో చాయ్ తాగడం నాకు చేతకాలేదు.

రెండు వారాల పైన అయ్యాక బ్రేకు పడింది, చంద్రుడు పట్టుకున్నాడని టీవీలో చెప్పారు. పరుగున చిల్కానగర్ వెళ్లాను. గుమ్మంలో అక్క ఆపింది.

"లెక్కకు రాదన్నడు" అంది. "చుట్టు తిరుగుడు చేరుడెట్లయితది, ఉప్పల్ బస్టాండ్ చుట్టు తిరిగిన బస్సు బస్టాండ్లకు వచ్చినట్టేనా, దిగాలె అన్నడు."

లోపల ఆయన టీవీ చూస్తున్నాడు. మాట వినబడే ఉంటుంది. ఇంకో వారం ఆగాను. చివరికి ఆ జెండా పెట్టెను చంద్రుడి మీద పడేశారని ఒక సాయంత్రం వార్త వచ్చింది. ఈసారి నేను వెళ్లలేదు.

మర్నాడు పొద్దున షాపు ఎదుటి హోటల్లో చాయ్ తాగుతుంటే ఎదుటి కుర్చీ జరిగిన చప్పుడైంది.

"దిగిందట" అన్నాడు బావ.

"దిగింది" అన్నాను. ఆయనకూ ఒక చాయ్ చెప్పాను.

"రాత్రి మస్తు సోచాయించిన బామ్మర్ది. దేవుని పీసు ఆడికే వోయింది. చంద్రుడు గూడ దేవుడే గద. ఆయినది ఆయినకే ముట్టింది. ఇగ నాకు కోపం లేదు."

మూడు వారాలు ఎదురుచూసిన మాట ఇదే. తల ఊపి ఊరుకుంటే చాలు, అన్నీ ఎప్పటిలాగే అయిపోతాయి. ఊపాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. కిందటేడు కూడా ఇలాగే ఒక్క మాట "ఐనయ్" అని ఊరుకున్నాను.

"బావా, అది చంద్రుని కాడికి పోలే" అన్నాను. "మనది మొదటి భాగంల ఉండె. అది రెండు నిమిషాలల్లనే ఊడి సముద్రంల వడ్డది. చంద్రుని కాడికి పోయింది వేరే పెట్టె."

బావ గ్లాసు దించాడు. మళ్లీ లేచి వెళ్లిపోతాడనుకున్నాను. ఈసారి గడువు పెట్టడానికి చంద్రుడి లాంటి దూరం కూడా మిగల్లేదు.

"నీకు ఎప్పుడు ఎర్కైంది?"

"ఆ దినమే. కట్ట మీద."

"మరి ఇన్ని దినాలు ఎందుకు జెప్పలే?"

"నువ్వు మాట్లాడితె గద బావా జెప్పేది."

ఆయన మూతి బిగించాడు. నవ్వు ఆపుకోవడమో కోపం ఆపుకోవడమో తెలియలేదు. తన చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకుని కాసేపు చూసుకున్నాడు.

"ఆ రెండు నిమిషాలు రింగు పగలకుండ ఆగిందా?"

"ఆగింది. ఆగకపోతె ఏదీ పోకపోవు."

"నా ఏడోది పెడితె ఆగునా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు మొదటి నుంచీ భయం. "ఆగునో, ఆగకపోవునో, నాకు తెల్వదు బావా" అన్నాను. "నేనైతె పంప."

చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"పంపద్దు" అన్నాడు. "నాదైనా సరే, పంపద్దు."

లేచి ఇద్దరం రోడ్డు దాటాం. గేటు దాకా ఆయన ఆగకుండా మాట్లాడాడు, మూడు వారాల్లో నేను రాసిన చీటీల్లో ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటీ చెబుతూ. వాటిలో సగం తప్పులు కావు. నేను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.